మెతుకు పట్టి చూచుట



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కఱలేదు, ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెప్పుదురు. పొయ్యి దగ్గఱ నిలిచిన ప్రతి స్త్రీయు ఎఱిగిన మాటయే యిది. నేనును చిన్ననాటినుండి దీనిని నమ్మియే వంట చేసితిని. కాని గడచిన మార్గశిరమాసమున మా యింట జరిగిన యొక వ్యవహారమువలన, ఈ సామెత కుండకు చెల్లునే గాని హోటలునకు చెల్లదని నాకు తోచినది. ఆ వృత్తాంతమును దాపఱికము లేక మీకు విన్నవించుకొనుచున్నాను.

మేము నాంపల్లిలో కాపురముండి ముప్పదియేండ్లు దాటినది. మా యింటినుండి ఆబిడ్సునకు నడచిపోవచ్చును. మావారు ఉద్యోగవిరమణ చేసిన దినమున, ఆ పూట నేను పొయ్యి వెలిగింపరాదని పిల్లలు పట్టుపట్టిరి. టెలివిజనులో వంటలు చేసి చూపి పేరుపొందిన యొక పాకనిపుణుని పేరు పెట్టుకొని ఆబిడ్సు ప్రాంతమున నొక భోజనశాల అప్పుడే క్రొత్తగా వెలసియుండెను. ఆ పేరు నేనిచట వ్రాయను. ఎందుకు వ్రాయనో వ్యాసము ముగియునప్పటికి మీకే తెలియగలదు. మా అత్తగారు, మావారు, నేను, కుమారుడు, కోడలు, మా యింట నుండి చదువుకొనుచున్న మా చెల్లెలి కుమార్తె, ఆఱుగురము బయలుదేఱితిమి.

లోపల గోడనిండ ఆ మహానుభావుని చిత్తరువు. చేతిలో గరిటె, ముఖమున చిరునవ్వు. భోజనము మాత్రము ఆ చిరునవ్వునకు తగినట్లు లేదు. గుత్తివంకాయ కూర పైకి నిగనిగలాడుచుండెను గాని లోపల కాయ పచ్చిగానే యున్నది. పప్పు చల్లారియున్నది. పులిహోరలో పులుపు లేదు. మారు వడ్డనకు అన్నమడిగిన పావుగంటకు గాని రాలేదు. ఎనుబదిమూడేండ్ల మా అత్తగారు ఆ వంకాయను నమలలేక పళ్లెము ప్రక్కకు త్రోసి, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని ఊరకుండిరి. బిల్లు 4,800 రూపాయలు. మావారు మాటాడక చెల్లించిరి.

ఆ రాత్రియే మా చెల్లెలి కుమార్తె, హోటళ్ల గుణదోషములు జనులు వ్రాయుచుండెడి చోట, తన ఫోనులో ఐదు నక్షత్రములకు ఒక్కటి మాత్రమే యిచ్చి పెద్ద విమర్శ వ్రాసినది. వంకాయ పచ్చిది, పప్పు చల్లనిది అన్నంతవఱకు అక్షరాల సత్యము. అంతటితో ఆగక, ఈ కూర వండినవానికి గరిటె గాదు, గడ్డపార ఇయ్యవలెననియు, వానిని వంటింటినుండి తఱిమివేసినగాని ఆ హోటలు బాగుపడదనియు చమత్కారముగా వ్రాసినది. తెల్లవాఱునప్పటికి వందలకొలది జనులు దానిని మెచ్చుకొనిరి. నేనును చదివి నవ్వితిని. ఆ నవ్వు తలచుకొన్న నాకిప్పుడు సిగ్గగుచున్నది.

నాలుగవనాడు మా వీథి మొగను పూలమ్ము ఆమె మూర వేయుచు కన్నీరు తుడుచుకొనుచుండెను. ఏమని యడిగితిని. ఆమె మాటలనే వ్రాయుచున్నాను: "ఏం చెప్పాలె అక్కా, నా కొడుకు ఆ పెద్ద హోటల్ల వంటకాడ పని చేస్తుండె. ఎవరో ఫోన్ల ఏందో రాసిండ్రట. పనిలకెళ్లి తీసేసిండ్రు."

పూలు చేతబట్టుకొని నిలుచుండిపోయితిని. వ్రాసినది మావారేయని ఆ క్షణమున చెప్పుటకు నాకు నోరు రాలేదు. మఱునాడు పోయి చెప్పితిని. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. అనినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ పిల్లవానిని పిలిపించి సంగతి తెలిసికొంటిమి. ఇరువదియేండ్లవాడు. వాడు చెప్పినదాని సారాంశమిది. వంకాయలోనికి వేయు ముద్దయు, పులుసును ఉదయమే నగరమున మఱియొకచోటనున్న పెద్ద వంటశాలనుండి డబ్బాలలో వచ్చును. ఏ వస్తువెంత వేయవలెనో అచటనే నిర్ణయమగును. ఇచటివారు కాయలను సగము వేయించి పెట్టుకొని, అడిగినప్పుడు పులుసుపోసి వేడిచేసి పంపుటయే. ఆ రాత్రి మాస్టరు సెలవులో నుండెను. నలుగురు చేయవలసిన పనిని ఇద్దఱు చేసిరి. "మఱి గోడమీది ఆయన?" అని నేనడిగితిని. దీపము వెలిగించిన తొలినాడు వచ్చి ఫొటోలు తీయించుకొని పోయిరట. ఈ పిల్లవాడు ఆయనను చూచినది ఆ యొక్కనాడే.

అప్పుడు నాకు తెలిసివచ్చినది. మేము డబ్బు చెల్లించినది పేరునకు. మా యింటి పిల్ల తిట్టినది చేతిని. పేరు గోడమీద నవ్వుచునే యున్నది. చేయి పని పోగొట్టుకొన్నది.

మా ప్రాంతపు పాత భోజనశాలలను చూడుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియా దేశపు యూదుని దుకాణమువలన ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినదందురు. అనగా మా పేట పేరే యొక దుకాణదారుని పేరు. అయినను ఇచటి తినుబండారముల ప్రసిద్ధి వంటవాని పేరుమీద నడచినది కాదు. 1935లో స్థాపితమైన గ్రాండ్ హోటలున బిర్యాని తిన్నవారు లక్షలు. వండిన మాస్టరు పేరెవరికి తెలియును? సింధు దేశమునుండి వలసవచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టుకడ కరాచీ బేకరీ తెఱచి, తన పేరుగాక విడిచివచ్చిన ఊరి పేరు పెట్టెను. నాంపల్లిలో సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కట్టులను కొనిపోవువారు, కొలిమికడ నిలుచువాడెవరని యడుగరు. అచట రుచి తప్పినచో జనులు కొట్టునే నిందింతురు, కొట్టే సరిదిద్దుకొనును. వంటవాని పేరు పలకమీది కెక్కించి, ఆ పేరునకు వెలకట్టుట యిటీవలి పద్ధతి.

పేరును చేయియు ఒక్కటైనవారును లేకపోలేదు. మాదాపూరు రోడ్డుప్రక్కను భోజనములు పెట్టుచు ప్రసిద్ధికెక్కిన కుమారి ఆంటీని మీరందఱు ఎఱుగుదురు. ఆమె యెవరికో బిల్లు లెక్క చెప్పిన యొక్క మాటను పట్టుకొని ఊరూర పరిహాసము చేసిరి. కీర్తి వచ్చినకొలది జనము పెరిగి, రాకపోకలకు అడ్డమగుచున్నదని 2024 జనవరిలో పోలీసులామె బండి నాపిరి. పిదప ముఖ్యమంత్రి జోక్యమువలన తిరిగి అచటనే నడచినది. ఆమెను తిట్టినను పొగడినను అది నేరుగా ఆమెకే తగులును. ఆమెయే యెదుట నుండి వడ్డించును, ఆమెయే జవాబు చెప్పుకొనగలదు. గోడమీది చిత్తరువు విషయమున అట్లు గాదు. అచట కఠినోక్తి చిత్తరువును దాటిపోయి, వెనుక గదిలో చెమటకార్చు వాని మీద పడును.

ఈ మాట నేననగా మా చెల్లెలి కుమార్తె తల వంచుకొన్నది గాని వాదము విడువలేదు. ఆమె వాదములోను బలమున్నది, కావున దానిని కప్పిపుచ్చను. "పెద్దమ్మా, ఆ పిల్లవానిగూర్చి వ్రాసినది తప్పే. కాని కఠినముగా వ్రాయుటయే తప్పందువా? ఆ హోటలును పొగడుచు వ్రాసినవారిలో ఎందఱు ఉచితముగా తినినవారో యెవరికి తెలియును? డబ్బు పుచ్చుకొని పొగడువారు ఆ సంగతి వెల్లడింపవలెనని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము నియమములు ప్రకటించినదనగా, ఆ రోగమెంత ముదిరినదో చూడుము. సొంత డబ్బు పెట్టి తిన్న మనమును మెత్తగా మాటాడినచో, రేపు పింఛను డబ్బుతో మనుమలను తీసికొనిపోవు ముసలమ్మకు నిజమెవరు చెప్పుదురు?" అనినది.

నాకు సమాధానము తోచలేదు. 4,800 రూపాయలు మా యింట పదునైదు దినముల కూరగాయల వెచ్చము. అంత పుచ్చుకొని పచ్చి వంకాయ పెట్టినవానిని బుజ్జగించి మాటాడవలెననుట ధర్మము గాదు. పేరు పెద్దదైనకొలది పరీక్షయు పెద్దదే కావలెను. మామూలు మెస్సులో పప్పు చల్లారినచో సరిపెట్టుకొందుము, అచట పప్పునకే డబ్బిచ్చితిమి గనుక. ఇచట పేరునకు వేఱుగా వెల యిచ్చితిమి. ఆ వెలకు తగినది లేదని గట్టిగా చెప్పుట కొన్నవారి హక్కు.

అన్యదేశములలోను ఈ తగవు నడచినదే. 2012 నవంబరులో, గై ఫియేరీ యను టెలివిజను పాకనిపుణుడు న్యూయార్కులో తెఱచిన భోజనశాలను గూర్చి పీట్ వెల్స్ అను విమర్శకుడు న్యూయార్కు టైమ్సు పత్రికలో అతి తీవ్రమైన విమర్శ వ్రాసెను. అది ప్రశ్నల పరంపర. ఆ ప్రశ్నలన్నియు గోడమీద పేరున్నవానికే వేయబడినవి గాని వంటింటిలోని కూలివానికి గాదు. క్రూరమనినవారు కొందఱు, న్యాయమనినవారు కొందఱు. ఆ భోజనశాల మాత్రము అటుపిమ్మట ఐదేండ్లు నడచి 2017 తుదిని మూతపడినది. పెద్ద పేరు అంత సులభముగా కూలదని దీనివలన తెలియుచున్నది.

చిన్నవారి సంగతి వేఱు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ నగరపు భోజనశాలల ఆదాయమును, జనులిచ్చిన నక్షత్రములను పోల్చి చూచెను. ఒక నక్షత్రము పెరిగిన ఆదాయము నూటికి 5 మొదలు 9 వఱకు పెరుగుననియు, ఈ ప్రభావము సొంతముగా నడుపుకొను చిన్న భోజనశాలలయందే గాని పెక్కు శాఖలు గల సంస్థలయందు కానరాదనియు ఆయన తేల్చెను. అనగా మనము విసరిన ఱాయి ఏనుగునకు తగిలిన దులుపుకొనిపోవును, పిట్టకు తగిలిన పడిపోవును. ఱాయి విసరునప్పుడు ఎదుటనున్నది ఏనుగో పిట్టయో చూడవలదా?

ఏనుగులకును మనస్సుండును. ఫ్రాన్సు దేశమున బెర్నార్ లోయిజో అను ప్రఖ్యాత పాకనిపుణునికి గో-మియో అను గ్రంథము ఇరువదికి 19 మార్కులనుండి 17నకు తగ్గించెను. మఱియొక గ్రంథమున నక్షత్రమును పోవునని వదంతి పుట్టెను. 2003 ఫిబ్రవరిలో ఆయన తన ప్రాణము తానే తీసికొనెను. అప్పులును మనోవ్యాధియు ఆయనను బాధించుచుండెను గనుక ఆ మార్కులే కారణమని చెప్పుట సరికాదు. వదంతికి గుఱియైన ఆ నక్షత్రములు చివఱకు తగ్గనే లేదు. అయినను, మన మాట చేరు చోట ఏ మనస్సు ఏ స్థితిలో నున్నదో మనకు తెలియదన్న సంగతి మఱువరాదు.

విమర్శ మన తెలుగువారికి క్రొత్త గాదు. మా యింటికి దగ్గఱగా, బొగ్గులకుంటలోని సారస్వత పరిషత్తు సభలకు మావారితో నేనును పోవుదును. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వవిచారమున ప్రబంధకవులను నిష్ఠురముగా పరీక్షించిరని అచటనే వింటిని. అది యెంత నిష్ఠురమైనను, ఆ ప్రబంధములు నేటికిని మన బీరువాలలో నున్నవి. రెడ్డిగారి మాట న్యాయమో కాదో చదివి తేల్చుకొనవచ్చును. కూర సంగతి అట్లు గాదు. తిన్న వంకాయ మిగులదు. మఱునాడు పోయి చూచిన వేఱు కాయ, వేఱు చేయి. తిన్నవాడు చెప్పినదే సాక్ష్యము. అందువలన పుస్తకమును విమర్శించువానికంటె వంటను విమర్శించువాడు సత్యమును గూర్చి ఎక్కువ జాగ్రత్తపడవలెనని నా తలంపు.

సామెత మాట ఇచట వచ్చును. కుండలో ఒక్క మెతుకు చాలుటకు కారణము, మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటమీద, ఒకే సమయమున ఉడుకుటయే. హోటలున ప్రతి పూటయు వేఱు కుండ. ఒక్కపూట తిని ఏడాదికంతటికి తీర్పు చెప్పుట ఒక యింటి మెతుకు పట్టి చూచి ఊరివారి అన్నమంతయు ఉడకలేదనుట వంటిది. తిన్న పూట సంగతి చెప్పవచ్చును, చెప్పవలెను. కాని ఆ పూట సంగతియని చెప్పవలెను.

ఇక నాకు సంబంధించిన మాట యొకటి. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో, బంధువులు నలువదిమంది యుండగా నేను కలిపిన పులిహోరను నోటబెట్టుకొని మా అత్తగారు, "ఇది ఆవునకు పెట్టుడు" అనిరి. పంక్తియంతయు నవ్వినది. ఇప్పటికిని పులిహోర కలుపునప్పుడెల్ల ఆ నవ్వు నా చెవిని వినబడును. వారము తరువాత ఆమెయే వంటింటిలో నన్ను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, చింతపండు గుజ్జు ఎంత చిక్కబడువఱకు ఉడికింపవలెనో, అన్నము ఎంత చల్లాఱినపిమ్మట కలుపవలెనో చూపిరి. నా పులిహోర బాగుపడినది ఆ రెండవ మాటవలన, మొదటి మాటవలన గాదు. ఇంటి యిల్లాలు వంటకు వెల పుచ్చుకొనదు, పేరు పలకమీద వ్రాయించుకొనదు; హోటలు రెండును చేయును. కావున ఈ పోలిక పూర్తిగా చెల్లదని నేనెఱుగుదును. కాని వంటింటివారికి నలుగురిలో తగిలిన మాట ఎట్లుండునో మనకు తెలిసినంతగా మఱెవరికి తెలియును?

మేమేమి చేసితిమో చెప్పి ముగింతును. ఆ రాత్రియే మా పిల్ల వంటవానిగూర్చి వ్రాసిన మాటలను తీసివేసినది. ఇద్దఱము పోయి ఆ హోటలు మేనేజరును కలిసికొని, వ్రాసినది మేమేననియు, దోషము మీ యేర్పాటుదే గాని ఆ పిల్లవానిది గాదనియు చెప్పితిమి. ఆయన మర్యాదగా కుర్చీ వేసి, పైవారి ఆజ్ఞ యనిరి. పిల్లవానిని తిరిగి చేర్చుకొనలేదు. పదిదినములకు మరల డబ్బు చెల్లించి అచటనే భుజించితిమి. వంకాయ ఈమాఱు చక్కగా ఉడికినది. పప్పు మరల చల్లనిదే. అప్పుడు మా పిల్ల క్రొత్తగా వ్రాసినది: రెండు పర్యాయములు తింటిమి, ఫలాని దినములలో తింటిమి, ఇంత చెల్లించితిమి, వంకాయ ఒకపూట పచ్చి, ఒకపూట బాగు, పప్పు రెండుపూటలు చల్లన. తుదిని, గోడమీది పేరున్నవారు నెలకొకసారియైన వచ్చి యీ పప్పు రుచి చూడవలెనని, ఆయననే ఉద్దేశించి గట్టిగా వ్రాసినది. నక్షత్రములు రెండిచ్చినది. మొదటిదానిని మెచ్చినవారు వందలు. దీనిని మెచ్చినవారు పదునొకండుగురు. నిజమునకు చమత్కారమున కున్నంత గిరాకి లేదు.

ఒక్క సంగతి వేఱుగా చెప్పవలెను. పాచిపోయిన పదార్థము, పురుగు, అపరిశుభ్రత కనబడినచో అది రుచి విషయము గాదు, ఆరోగ్య విషయము. 2024లో తెలంగాణ ఆహారభద్రతాధికారులు నగరమున పెక్కు హోటళ్లను తనిఖీ చేసి తాము కన్నది బహిరంగముగా ప్రకటించిరి. అట్టి దోషమును ఫోనులో పరిహాసముగా వ్రాసి ఊరకుండక ఆ అధికారులకే ఫిర్యాదు చేయవలెను. అచట మొగమాటము పనికిరాదు.

పూలమ్ము ఆమె కొడుకు జనవరిలో నుమాయిషులో ఒక మిర్చిబజ్జీల స్టాలున కుదిరినాడు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమై 1946లో నాంపల్లి మైదానమునకు వచ్చిన ఆ ప్రదర్శనము మా యింటి పండుగ వంటిది. అత్తగారిని చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి తీసికొనిపోయితిమి. వాడు గుర్తుపట్టి, వేడివేడి బజ్జీలు ఆకులో పెట్టి, డబ్బు వలదనినాడు. మేము బలవంతముగా ఇచ్చితిమి. అత్తగారు ఒక తునక నోటవేసికొని, వానిని చేసైగతో దగ్గఱకు పిలిచి, చెవిలో నేమో చెప్పిరి. వాడు నవ్వి తలయూపి పోయినాడు.

ఏమి చెప్పితిరని దారిలో అడిగితిని. "ఉప్పు కొంచె మెక్కువైనదంటిని" అని ఆమె నావైపు చూచిరి. "అందఱిలో అనలేదులే" అనిరి.